గల్లా దగ్గర ఎవరు కూర్చోవాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో క్యాంటీన్ యూనిట్ తరఫున చేసిన ప్రసంగం)



మమ్మల్ని పది నిమిషాలు మాట్లాడమన్నారు. "మీ క్యాంటీన్‌లో మిషన్లు పెట్టారు కదా, దాని గురించి చెప్పండి, మిగతా సంఘాలకు పనికొస్తుంది" అన్నారు సీసీ మేడమ్. మిషన్లంటే పెద్దవేం కావు. గల్లా మీద స్కానర్ అట్ట ఒకటి, పైసలు పడితే పలికే డబ్బా ఒకటి, బిల్లు కొట్టే చేతి మిషన్ ఒకటి. రుబ్బురోలు పోయి గ్రైండర్ వచ్చినప్పుడు మాకు ఇంత కథ కాలేదు. ఈ మూడూ వచ్చిన ఏడాదిలో మేము రెండుసార్లు గట్టిగా కొట్లాడుకున్నాం, ఒకసారి షట్టర్ దించేద్దామనే దాకా పోయాం. లాభం లెక్క రిపోర్టులో వేరే పేజీలో ఉంది, చూసుకోండి. ఇక్కడ ఆ కొట్లాటల సంగతే చెబుతాం.

మా క్యాంటీన్ 2024 దసరా తర్వాత మొదలైంది. ఆ ఏడాదే ప్రభుత్వం మహిళా సంఘాలతో క్యాంటీన్లు పెట్టించడం మొదలుపెట్టింది, మాకూ ధైర్యం వచ్చింది. రెండు సంఘాల నుంచి ఆరుగురం కలిశాం. స్త్రీనిధి నుంచి కొంత, బ్యాంకు లింకేజీ నుంచి కొంత తీసుకున్నాం. బస్టాండు పక్కన రేకుల గది, నాలుగు బల్లలు. పొద్దున ఇడ్లీ, వడ, ఉప్మా. పగలు అన్నం, పప్పు, కూర, సాంబారు. సాయంత్రం చాయ్, బోండా, మిర్చి. రోజుకు నాలుగు నాలుగున్నర వేల గిరాకీ. తినేది ఆటోవాళ్ళు, మార్కెట్ హమాలీలు, ఆఫీసులకు పనిమీద వచ్చిన రైతులు, కాలేజీ పిల్లలు.

గల్లా దగ్గర మా అందరికంటే పెద్దామె కూర్చునేది. మేము ఆమెను పెద్దమ్మ అంటాం. సంతకం పెట్టడం సంఘంలోనే నేర్చుకుంది, చదవడం రాదు. అంకెలు మాత్రం వస్తాయి. ఇరవై ఏండ్లు కూరగాయలు అమ్మిన మనిషి. నలుగురు కలిసి వచ్చి తలా ఒకటి తిని లేస్తే, వాళ్ళు చేతులు కడుక్కుని వచ్చేలోపు లెక్క చెప్పేది. ఎవరి దగ్గర ఎంత ఉద్దెర ఉందో ఆమె తలకాయలోనే ఉండేది.

మొదటి నెల అంతా నోట్లే. చిల్లరతో చచ్చిపోయాం. పది రూపాయల చాయ్‌కి ఐదొందల నోటు. పక్క కిరాణం సేటు కూడా మమ్మల్ని చూస్తే మొహం తిప్పుకునేవాడు. కాలేజీ పిల్లలైతే "ఫోన్‌పే లేదా అక్కా" అని అడిగి, లేదంటే అవతలి హోటల్‌కు పోయేవాళ్ళు. ఈ యూపీఐ అనేది వచ్చింది 2016లో, నోట్లు రద్దయిన ఏడాదే. ఆ రోజుల్లో బ్యాంకుల ముందు లైన్లలో నిలబడ్డవాళ్ళం మనలో ఎంతమంది లేరు! ఇప్పుడు పుచ్చకాయల బండి మీద కూడా స్కానర్ ఉంది. మనకెందుకు లేదు అనుకున్నాం.

మా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. సంఘం ఖాతా సంతకాలతో నడుస్తుంది కదా, దానికి స్కానర్ పెట్టాలంటే కాగితాలు చాలా కావాలని ఎవరో అన్నారు. బ్యాంకుకు పోయి అడగను కూడా అడగలేదు. తొందరలో లీడరు సొంత ఖాతాకే స్కానర్ తీసుకున్నాం. ఆ లీడరు ఎవరో దాచడమెందుకు, ఇప్పుడు మీ ముందు మైకు పట్టుకున్నామె.

రెండు నెలలు బాగానే గడిచింది. రాత్రి ఆమె ఫోన్ చూసి "ఇవాళ ఫోన్‌లో ఇంత పడింది" అని చెప్పేది, అందరం పుస్తకంలో రాసుకునేవాళ్ళం. మూడో నెల ఐదో తారీఖు బియ్యం, నూనె బాకీ కట్టే రోజు. చూస్తే ఖాతాలో 4,150 రూపాయలు తక్కువ. ఆమె ఇంట్లో బండి కిస్తీ అదే ఖాతా నుంచి కట్ అయ్యేటట్టు ఎప్పుడో రాసిచ్చి ఉన్నారు. ఇంతకుముందు ఖాతాలో పైసలు ఉండేవి కావు కాబట్టి భర్తే చేతితో పోయి కట్టేవాడు. ఇప్పుడు ఉన్నాయి కాబట్టి దానంతట అది కోసుకుంది. అందులో ఇడ్లీ పైసలు ఏవి, ఇంటి పైసలు ఏవి అని బ్యాంకుకు తెలుస్తుందా?

ఎవరూ దొంగతనం చేయలేదు. వారంలోపు ఆ పైసలు తిరిగి పెట్టారు కూడా. కానీ బస్టాండులో ఆ మాట తిరగడానికి వారం ఆగలేదు. "సంఘం పైసలతో బండి కొన్నరట" అన్నారు. మాలో ఇద్దరు వారం రోజులు లీడరుతో మాట్లాడలేదు. వాళ్ళ తప్పు కూడా లేదు. నోట్లయితే గల్లాలో అందరి కళ్ళ ముందు ఉంటాయి, ఫోన్‌లో ఒక్కరికే కనబడతాయి. ఆ ఒక్కరు ఎంత మంచివాళ్ళయినా మిగతావాళ్ళు అడిగి తెలుసుకోవాల్సి వస్తుంది. రోజూ అడగాలంటే సిగ్గు, అడగకుంటే అనుమానం.

అప్పుడు బ్యాంకుకు పోయాం. తీర్మానం కాపీ, ఆరుగురి ఆధార్లు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఫుడ్ సేఫ్టీ కాగితం, పాన్ కార్డు అడిగారు. ఉద్యమ్‌కు ఒక్క పైసా కట్టక్కర్లేదు అక్కలారా, చేయించి పెడతామని ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకండి. ఇరవై రోజులు తిరిగాం. చివరికి క్యాంటీన్ పేరు మీదే ఖాతా వచ్చింది, ఆ ఖాతాకే స్కానర్ ఇచ్చారు. ఇప్పుడు పైసలు పడటానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. మెసేజ్ వచ్చే ఫోన్ ఎవరింటికీ పోదు, గల్లాలోనే ఉంటుంది. ఇక్కడున్న బ్యాంకు సారుకు ఒక మాట: ఆ ఇరవై రోజులు మాకు ఆరు పూటల కూలి పోయింది. తర్వాత వచ్చే సంఘాలకు ఒక్కసారే అన్ని కాగితాలు రాసిస్తే బాగుంటుంది.

ఖాతా వేరు చేసుకోవడం ఎంత మంచిదయిందో తర్వాత తెలిసింది. 2025 జూలైలో బెంగళూరులో చిన్న బేకరీలకు, చాయ్ కొట్లకు అక్కడి పన్నుల శాఖ నోటీసులు పంపింది. యూపీఐలో పడిన మొత్తం చూసి, మీరు జీఎస్టీ కట్టాలి అన్నారు. చాలామంది స్కానర్లు పీకేసి, క్యాష్ మాత్రమే అని బోర్డులు పెట్టుకున్నారు. టీవీలో అది చూసి మాకూ గుండె దడ పుట్టింది. కనుక్కుంటే, మనలాంటి హోటల్ పనికి ఏడాది గిరాకీ 20 లక్షలు దాటితే జీఎస్టీ నంబరు తీసుకోవాలన్నారు. మాది 14, 15 లక్షల దగ్గరే ఉంది. కానీ ఒకే ఖాతాలో అన్నం పైసలు, చిట్టీ పైసలు, చెల్లెలి పెళ్ళికి తెచ్చిన చేబదులు అన్నీ పడితే, ఏది గిరాకీనో ఏది కాదో రేపు ఎవరికి చూపిస్తాం? స్కానర్ పీకేయాల్సిన అవసరం లేదు, పుస్తకం రాసుకుంటే చాలు.

ఇక పలికే డబ్బా. నెలకు వంద రూపాయల పైన అద్దె తీసుకుంటారు. ఎందుకు దండగ అనుకున్నాం మొదట. ఒక పిల్లగాడు వారంలో మూడుసార్లు వచ్చి, ఫోన్‌లో పచ్చ టిక్కు చూపించి, తిని పోయాడు. రాత్రి లెక్క చూస్తే పడలేదు. ఎప్పటిదో ఫొటో తీసి పెట్టుకుని అదే చూపించేవాడు. ఆ మరుసటి రోజే డబ్బా తెచ్చాం. తెలుగులోనే పలుకుతుంది. పొయ్యి దగ్గర ఉన్నామెకు, గిన్నెలు కడిగే ఆమెకు, చదవడం రాని పెద్దమ్మకు, అందరికీ ఒకేసారి వినబడుతుంది. లీడరును ఎవరూ అడగక్కర్లేదు. మాకు ఆ డబ్బా మీద ప్రేమ అందుకే.

అయితే దానితోనూ ఒక చెడ్డ పని చేశాం. డబ్బా పలికితేనే ప్లేటు ఇవ్వాలని పెట్టుకున్నాం. ఒకరోజు వానకు నెట్‌వర్క్ పోయింది. రోజూ వచ్చే ఒక రైతు, పెద్దమనిషి, 70 రూపాయలు కొట్టాడు. ఆయన ఫోన్‌లో కట్ అయింది, మా డబ్బా పలకలేదు. మాలో ఒకామె నియమం నియమమే అని ఆయన్ని పావుగంట నిలబెట్టింది. చుట్టూ జనం. "నేను దొంగలెక్క కనబడుతున్ననా బిడ్డా" అని ఆయన తినకుండానే వెళ్ళిపోయాడు. నెల రోజులు మళ్ళీ రాలేదు. తర్వాత పెద్దమ్మే వాళ్ళ ఊరికి పోయినప్పుడు మాట్లాడి వచ్చింది. ఇప్పుడు తెలిసిన మనిషైతే నంబరు రాసుకుని తినమంటాం. మీరూ తెలుసుకోండి: దుకాణంలో కొట్టిన పైసలు వాళ్ళ ఖాతాలో కట్ అయ్యి మనకు రాకపోతే, ఐదు రోజుల్లో అవి తిరిగి వాళ్ళకే పోవాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకు ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ఇది.

ఇంకో మోసం కూడా చెప్పేస్తాం. ఒకాయన హిందీలో ఫోన్ చేశాడు. మిలిటరీ వాళ్ళమని, నలభై భోజనాలు కావాలని అన్నాడు. వండి కట్టి పెట్టాం. తర్వాత "పైసలు పంపిస్తున్నా, ఈ స్కానర్ మీ ఫోన్‌తో కొట్టి పిన్ను వేయండి" అన్నాడు. మా చిన్నామె ఇంటర్ చదివింది, ఆమె ఫోన్ గుంజుకుని పెట్టేసింది. పైసలు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ను వేస్తే పోవడమే. పైసలు దక్కాయి గానీ నలభై భోజనాలు మిగిలాయి. ఆ సాయంత్రం బస్టాండులో సగం ధరకు అమ్మాం, మిగిలింది హాస్టల్‌కు పంపాం. అట్లాంటిది జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకున్నాం.

రెండో కొట్లాట బిల్లు మిషన్‌తో వచ్చింది. ఇదే పెద్దది.

హైదరాబాద్‌కు మమ్మల్ని చూసి రమ్మని పంపినప్పుడు ఒక హోటల్‌కు తీసుకుపోయారు. బల్ల మీదే స్కానర్. ఫోన్‌తో కొడితే మెనూ వస్తుంది, అందులోనే ఏం కావాలో నొక్కాలి. వచ్చినవాళ్ళను "ఏం తింటరు" అని అడిగే మనిషే లేడు. మేమందరం ఫోన్లు తీశాం. పెద్దమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. ఆమె తలుపు దగ్గర సర్వర్ వస్తాడేమోనని చూస్తూ కూర్చుంది. ఆకలేసిన మనిషి హోటల్‌లో కూర్చుని అడగలేకపోవడం ఏంటని అప్పుడే మాకు అనిపించాలి. అనిపించలేదు. మిషన్ చూసి మురిసిపోయి వచ్చాం.

వచ్చాక చేతి మిషన్ కొన్నాం. ఏడు వేలైంది. బటన్ నొక్కితే టోకెన్ వస్తుంది, రాత్రి అయ్యేసరికి ఏది ఎన్ని అమ్మామో చెబుతుంది. నడపడానికి చదువుకున్నామె కావాలని మాలో చిన్నామెను గల్లా దగ్గర కూర్చోబెట్టాం. పెద్దమ్మను గిన్నెల దగ్గరికి పంపాం. పంపామని అనడం కూడా అబద్ధమే. "నువ్వు కాస్త గిన్నెలు చూడు పెద్దమ్మా" అన్నాం, ఆమె లేచి వెళ్ళింది, అంతే. మీటింగు పెట్టలేదు, తీర్మానం రాయలేదు. లీడరు ఖాతా విషయంలో అంత గొడవ చేసిన మేమే, ఒక మనిషిని కుర్చీలోంచి లేపడానికి ఒక్క సంతకం కూడా అడగలేదు.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ఆమె రాలేదు. జ్వరమేమో అనుకున్నాం. నాలుగో రోజు ఇంటికి పోతే వాకిట్లో చింతపండు కొడుతోంది. "నాకు సదువు రాదు గనీ లెక్క వస్తది. మీకు లెక్క అక్కర లేకపాయె, మిషన్ గావాలె" అంది. మేము మాట్లాడలేకపోయాం.

ఈలోపు గిరాకీ కూడా తగ్గింది. కారణం మొదట అర్థం కాలేదు. హమాలీలు రావడం మానేశారు. వాళ్ళు రోజూ తిని శనివారం కూలి వచ్చాక కట్టేవాళ్ళు. మిషన్‌లో ఉద్దెర బటన్ లేదు. చిన్నామె "పైసలిస్తేనే టోకెన్" అంటోంది, మిషన్ అట్లాగే చెబుతోంది మరి. రోజుకు ఇరవై ప్లేట్లు పోయాయి.

మీటింగు పెట్టాం. మూడు గంటలు నడిచింది. మిషన్ తీసేద్దామని ఇద్దరన్నారు. కానీ మిషన్ చెప్పిన నిజాలు కూడా ఉన్నాయి, అవి కాదనలేం. పొద్దున పూరీలు మేము గొప్పగా అమ్ముడవుతున్నాయనుకున్నాం. లెక్క తీస్తే నూనె ఖర్చే మిగలడం లేదు. నాలుగు గంటల తర్వాత బోండాలు చేసినన్నీ పోతున్నాయి, మేమేమో ఐదింటికే పొయ్యి ఆపేస్తున్నాం. పూరీలు మానేసి, బోండాలు ఏడింటిదాకా వేశాం. ఆ ఒక్క మార్పుతో నెలకు నాలుగు వేల దాకా మిగిలింది. ఇంకో నిజం పెద్దమ్మకు చేదుగా ఉండేది. ఉద్దెర మొత్తం కూర్చుని రాస్తే 9,200 తేలింది. అందులో 1,800 ఎవరు ఇవ్వాలో ఆమెకూ గుర్తు లేదు. ఆమే ఒప్పుకుంది. "మతి కూడా ముసల్దయితది బిడ్డా" అంది. అందరం నవ్వాం, ఆమె కూడా నవ్వింది, అప్పుడు మీటింగు తేలికపడింది.

అప్పుడు చిన్నామె ఒక ఉపాయం చెప్పింది. తన బొట్టు బిళ్ళల అట్ట తీసి బటన్ల మీద అంటించింది. ఇడ్లీకి తెల్లది, వడకు పసుపుది, చాయ్‌కి గోధుమ రంగుది, భోజనానికి పెద్ద ఎర్ర బొట్టు. ఉప్మాకు రంగు దొరక్క నల్ల చుక్క పెట్టాం, పెద్దమ్మ "ఉప్మాకు దిష్టి చుక్క పెట్టిన్రా" అంది. ఆమెకు అంకెలు వచ్చు కాబట్టి ఎన్ని అనేది కష్టం కాలేదు. పది రోజుల్లో పట్టేసింది. ఖాళీగా ఉన్న ఒక బటన్‌ను ఉద్దెరకు పెట్టుకున్నాం. నొక్కితే చీటీ వస్తుంది, ఆ చీటీ మీద చిన్నామె పేరు రాస్తుంది, మేకుకు గుచ్చుతాం. శనివారం హమాలీలు తమ చీటీలు తామే లెక్కబెట్టుకుని పైసలు కట్టి, చింపేసి పోతారు. ఇరవై ప్లేట్లలో పదిహేను తిరిగి వచ్చాయి. మిగతా ఐదుగురు వేరే హోటల్‌కు అలవాటు పడ్డారు, వాళ్ళు రాలేదు.

ఆన్‌లైన్‌లో ఇంటికి పంపే యాప్ గురించి చాలామంది అడుగుతున్నారు. పెట్టాం, మూడు నెలలకు తీసేశాం. 80 రూపాయల భోజనానికి వాళ్ళ కమీషను, అవీ ఇవీ పోగా మా చేతికి 58 వచ్చేది. అందులో డబ్బాకు ఆరు రూపాయలు. ఆఫర్ పెట్టమని ఫోన్ల మీద ఫోన్లు, ఆ ఆఫర్ కూడా మన జేబులోంచే. దారిలో సాంబారు ఒలికిపోతే చుక్కలు మాకు తగ్గించేవాళ్ళు. పెద్ద ఊర్లో, అద్దె ఎక్కువ కట్టి కూర్చునే చోటు లేనివాళ్ళకు పనికొస్తుందేమో, మా ధరలకు కుదరలేదు. దాని బదులు ఆఫీసులవాళ్ళతో వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పొద్దున పదింటిలోపు ఎన్ని భోజనాలో రాస్తారు, మాలో ఒకామె క్యారేజీలు పట్టుకుని పోతుంది. రోజుకు పాతిక దాకా పోతున్నాయి. ఎంత వండాలో ముందే తెలుస్తుంది, రాత్రి అన్నం పారబోయడం తగ్గింది.

ఇప్పుడు మా దగ్గర ఒక తీర్మానం రాసి ఉంది. ఏ కొత్త మిషన్ తెచ్చినా, ఎవరి కుర్చీ మారుతుందో ముందు మీటింగులో ఆ మనిషినే అడగాలి. ఇంకొకటి, మిషన్ ఒక్కరికే రాకూడదు. ప్రతి ఆదివారం ఒకామె గల్లా దగ్గర కూర్చుని నేర్చుకుంటోంది. ఇప్పటికి నలుగురికి వచ్చింది. పొయ్యి దగ్గర ఉండే వదిన ఒక్కామె మాత్రం "నన్ను ఇడ్సిపెట్టున్రి" అంటోంది, ఆమెను ఇంకా ఒప్పించలేకపోయాం.

వచ్చే నెల పెద్దమ్మకు కంటి ఆపరేషన్. పదిహేను రోజులు చిన్నామె కూర్చుంటుంది. ఆపరేషన్ అయి వచ్చేదాకా ఆ బొట్టు బిళ్ళలు పీకొద్దని పెద్దమ్మ ఇప్పటికే మూడుసార్లు చెప్పింది.

ఎవరైనా చూడాలనుకుంటే బస్టాండు పక్కకు రండి, మధ్యాహ్నం మూడు తర్వాత అయితే మాకు తీరిక. ఖాతాకు ఇచ్చిన కాగితాల జిరాక్సులు ఒక ఫైలులో పెట్టాం, చూసి రాసుకోవచ్చు. ఇవాళ్టి సభ భోజనాలు కూడా మా క్యాంటీన్ నుంచే వచ్చాయి. రెండొందల అరవై మందికని చెప్పారు, ఇక్కడ చూస్తే మూడొందలు దాటినట్టున్నారు. సాంబారు ఇంకొంచెం కాచడానికి మాలో ఇద్దరు ఇప్పుడే లేచి వెళ్ళారు, మేము కూడా వెళ్ళాలి.